మిగిలిన బిర్యానీకీ ఒక చట్టం: అమెరికా రాష్ట్రాల్లో ఏది పనిచేసింది, ఏది కాగితం మీదే ఉండిపోయింది

హైదరాబాద్ నుంచో కర్నూలు నుంచో కాలిఫోర్నియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు అక్కడి ఇంట్లో మొదట అర్థం కానిది చెత్తడబ్బా. ఇంటి బయట మూడుంటాయి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది, ఇంకొకటి నల్లది లేదా బూడిదరంగుది. మిగిలిన అన్నం, తిన్న నల్లి ఎముకలు, వాడిన టీపొడి, ఉల్లిపొట్టు ఆకుపచ్చదాంట్లోకే వెళ్లాలి. తెలియక నల్లదాంట్లో వేస్తే కోడలో కొడుకో వచ్చి మళ్లీ తీసి సర్దుతారు. చెత్తకి ఇంత లెక్క ఏంటని అడిగితే, ఇక్కడ ఇది చట్టం అంటారు.

నిజంగానే చట్టం. దాని పేరు ఎస్‌బీ 1383. కాలిఫోర్నియా అసెంబ్లీ 2016లో ఆమోదించింది, అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేశారు. నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇలాంటి చట్టాలు ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒక్కోచోట ఒక్కో రూపం. కొన్ని హోటళ్లకు, సూపర్‌మార్కెట్లకు మాత్రమే వర్తిస్తాయి. కొన్ని ప్రతి ఇంటికీ వర్తిస్తాయి.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన చెత్త తగ్గిందా? ఈ ప్రశ్నకు 2024 సెప్టెంబర్‌లో కాస్త ఇబ్బంది పెట్టే జవాబు వచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఆహార వ్యర్థాలపై మొట్టమొదట నిషేధం పెట్టిన అయిదు రాష్ట్రాల లెక్కలు తీశారు. కనెక్టికట్, వెర్మాంట్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కాలిఫోర్నియా. పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. డంపింగ్ యార్డులకు వెళ్లే చెత్త 10 నుంచి 15 శాతం తగ్గాల్సింది. అయిదింటిలో నాలుగు రాష్ట్రాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క మసాచుసెట్స్‌లోనే సగటున 7 శాతానికి కాస్త పైగా తగ్గింది.

ఒకే రకం చట్టం. ఒకచోట పనిచేసింది, నాలుగుచోట్ల పనిచేయలేదు. ఎందుకు? అది తెలుసుకుంటే అక్కడ హోటల్ నడిపే మనవాళ్లకూ, ఇక్కడ ఫంక్షన్ హాల్‌లో దావత్ ఇచ్చే మనకూ కొంత ఉపయోగం ఉంది.

కుళ్లేది ఎక్కడైనా కుళ్లుతుంది కదా?

చాలామంది అడిగే మాటే. అన్నం మట్టిలో కలిసిపోయేదేగా, డంపింగ్ యార్డ్‌లో వేస్తే నష్టమేంటి?

తేడా అంతా గాలిలో ఉంది. ఎరువు గుట్టను అప్పుడప్పుడు తిరగేస్తారు. లోపలికి గాలి వెళ్తుంది. గాలి ఉన్నచోట బతికే సూక్ష్మజీవులు ఆహారాన్ని తిని వేడి పుట్టిస్తాయి, చివరికి నల్లటి ఎరువు మిగులుతుంది. డంపింగ్ యార్డ్‌లో అలా కాదు. మీద మీద టన్నుల కొద్దీ చెత్త పోసి, తొక్కించి, మట్టి కప్పేస్తారు. గాలి ఆడదు. అప్పుడు పనిచేసేవి వేరే రకం జీవులు. అవి వదిలేది మీథేన్ వాయువు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం అక్కడి డంపింగ్ యార్డుల్లోకి చేరే ఇళ్ల, దుకాణాల చెత్తలో అన్నిటికంటే ఎక్కువ బరువు ఆహారానిదే, దాదాపు నాలుగో వంతు. ప్లాస్టిక్ కూడా దాని తర్వాతే. యార్డుల్లో చెత్త నుంచి బయటికి వచ్చే మీథేన్‌లో 58 శాతం ఆహారం వల్లే వస్తోందని అదే సంస్థ 2023లో చెప్పింది. ఆహారం తొందరగా కుళ్లుతుంది. గ్యాస్ పట్టే పైపులు వేసేలోపే సగం గ్యాస్ పైకి పోతుంది.

దేశంలో పండించి, తయారుచేసిన ఆహారంలో 30 నుంచి 40 శాతం ఎవరి నోట్లోకీ వెళ్లడం లేదని అమెరికా వ్యవసాయ శాఖ అంచనా. ఇదే దేశంలో ఫుడ్ బ్యాంకుల ముందు కార్ల లైన్లు ఉంటాయి. కంపోస్ట్ మాట తర్వాత. తినగలిగేది ముందు మనిషికి అందాలి. అక్కడి చట్టాల్లో చాలావాటికి ఇదే వరస: అసలు మిగలకుండా చూడటం, మిగిలితే మనిషికి, మనిషికి పనికిరాకపోతే పశువుకి, అదీ కుదరకపోతే ఎరువుకి లేదా గ్యాస్‌కి. డంపింగ్ యార్డ్ అన్నిటికంటే చివర. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే వరస కూడా ఇదే, వాళ్లు దాన్ని పాలసీ అనలేదు అంతే.

సందులున్న చట్టాలు

అమెరికాలో ఇంటింటి చెత్త ఎలా తీయాలి, ఎక్కడ వేయాలి అనేది ఎక్కువగా రాష్ట్రాలు, నగరాల చేతుల్లో ఉంటుంది. దేశమంతటికీ వర్తించే ఆహార వ్యర్థాల నిషేధం లేదు. అందుకే రాష్ట్రాలు ఎవరికి వారే మొదలుపెట్టాయి. ముందు దిగింది కనెక్టికట్, 2011లో. ఏడాదికి 104 టన్నులు, అంటే వారానికి రెండు టన్నులు ఆహార వ్యర్థం వచ్చే పెద్ద వ్యాపారాలు దాన్ని వేరుచేసి కంపోస్ట్ ప్లాంట్‌కో గ్యాస్ ప్లాంట్‌కో పంపాలన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. 20 మైళ్ల లోపు అనుమతి ఉన్న ప్లాంట్ ఉంటేనే ఇది వర్తిస్తుంది.

వినడానికి న్యాయంగానే ఉంది. దగ్గర్లో ప్లాంట్ లేకపోతే పాపం హోటల్‌వాడు ఏం చేస్తాడు? కానీ దీని ఫలితం చూడండి. ప్లాంట్ లేదు కాబట్టి నిబంధన వర్తించదు. నిబంధన వర్తించదు కాబట్టి అక్కడ ఆహార వ్యర్థం ఎవరూ విడిగా ఇవ్వరు. సరుకు రాదు కాబట్టి ఎవరూ ప్లాంట్ పెట్టరు. రోడ్ ఐలండ్ 15 మైళ్ల షరతు పెట్టి, పైన ఇంకో సందు ఉంచింది. డంపింగ్ యార్డ్ కంటే కంపోస్ట్ ప్లాంట్ ఫీజు ఎక్కువైతే మినహాయింపు అడగొచ్చు. డంపింగ్ చవకగా ఉన్నన్నాళ్లూ ఎవరైనా ఏం అడుగుతారో చెప్పక్కర్లేదు.

మసాచుసెట్స్ ఏం చేసింది?

మసాచుసెట్స్ నిషేధం 2014 అక్టోబర్ 1న మొదలైంది. వారానికి ఒక టన్ను, అంతకు మించి ఆహార వ్యర్థం వచ్చే హోటళ్లు, సూపర్‌మార్కెట్లు, కాలేజీలు, ఆస్పత్రులు దాన్ని మామూలు చెత్తలో వేయడానికి వీల్లేదు. ఎన్ని మైళ్లు, ఏ ప్లాంట్, ఎంత ఫీజు లాంటి మెలికలు లేవు. నీ దగ్గర టన్ను వస్తోందా లేదా, అంతే ప్రశ్న. దుకాణం నడిపే మామూలు మనిషికి లాయర్ అక్కర్లేకుండా అర్థమయ్యే నిబంధన.

రెండోది, ప్లాంట్లు. చిన్న రాష్ట్రం, అందులో కంపోస్ట్ ప్లాంట్లు, గ్యాస్ ప్లాంట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బండి ఎక్కువ దూరం పోనక్కర్లేదు కాబట్టి రవాణా ఖర్చు తగ్గింది. ఆ అయిదు రాష్ట్రాల్లో ఇంత దట్టంగా ప్లాంట్లు ఉన్నది ఇక్కడేనని పరిశోధకులు గుర్తించారు.

మూడోదే అసలుది. తనిఖీ. అక్కడి అధికారులు డంపింగ్ యార్డుల దగ్గర, చెత్త దించే స్టేషన్ల దగ్గర నిలబడి ఏ బండిలో ఏం వచ్చిందో చూస్తారు. ఆహారం ఎక్కువగా కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుని ఆ వ్యాపారానికి నోటీసు పంపుతారు, తర్వాత జరిమానా. మిగతా నాలుగు రాష్ట్రాల్లో తనిఖీలు దాదాపు లేవనే చెప్పాలి. అలాగని మసాచుసెట్స్ కర్ర పట్టుకుని మాత్రమే కూర్చోలేదు. 'రీసైక్లింగ్ వర్క్స్' అనే ప్రభుత్వ కార్యక్రమం ద్వారా హోటల్‌కి వచ్చి ఎన్ని డబ్బాలు కావాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఉచితంగా చెప్పే ఏర్పాటు ఉంది. 2022 నవంబర్ 1 నుంచి హద్దును టన్ను నుంచి అర టన్నుకు తగ్గించారు. అంటే వారానికి దాదాపు 450 కిలోలు. రోజుకి 65 కిలోలు వచ్చే మధ్యరకం రెస్టారెంట్ కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. బోస్టన్ చుట్టుపక్కల బఫే పెట్టే దేశీ హోటళ్లకు ఈ అంకె చిన్నదేం కాదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ గొప్ప ఆలోచన కాదు. అర్థమయ్యే నిబంధన, దగ్గర్లో ప్లాంట్, వచ్చి చూసే మనిషి. మూడూ ఒకేసారి ఉండటమే అరుదు.

వెర్మాంట్: మెట్లు మెట్లుగా

వెర్మాంట్ సంగతి వేరు. మొత్తం జనాభా ఆరున్నర లక్షలు కూడా ఉండదు, మన దగ్గర ఒక పెద్ద పట్టణమంత. రాష్ట్రమంతటికీ నడుస్తున్న డంపింగ్ యార్డ్ ఒక్కటే, కోవెంట్రీలో. అది నిండితే తర్వాత ఎక్కడ అన్నది వాళ్ల బెంగ. అందుకే 2012లో యాక్ట్ 148 తెచ్చారు, పార్టీల తేడా లేకుండా ఏకగ్రీవంగా.

ఒక్కసారిగా మీద పడలేదు. 2014లో వారానికి రెండు టన్నులు వచ్చే పెద్ద సంస్థలతో మొదలుపెట్టారు. 2015లో ఒక టన్ను, 2016లో అర టన్ను, 2017లో అంతకంటే తక్కువ. ప్రతి మెట్టు మీదా ప్లాంట్లు పెట్టేవాళ్లకు, బండ్లు నడిపేవాళ్లకు సర్దుకునే టైమ్ దొరికింది. చివరికి 2020 జూలై 1 నుంచి అందరికీ, ఇళ్లతో సహా. ఆ రోజు నుంచి వెర్మాంట్‌లో అరటితొక్క చెత్తబుట్టలో వేయడం చట్టప్రకారం తప్పు.

పోలీసులు వచ్చి బుట్టలు వెతుకుతారా? లేదు. ఇళ్ల మీద అలాంటి నిఘా ఉండదని అధికారులు ముందే చెప్పారు. ఇంట్లోనే కంపోస్ట్ చేసుకునేవాళ్లు మాంసం, ఎముకలు మాత్రం చెత్తలో వేసుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చారు. దానికో కారణం ఉంది. పెరట్లో మాంసం వాసన వస్తే ఎలుగుబంట్లు వస్తాయి. అక్కడ అది నిజమైన సమస్యే.

చట్టంలో ఇంకో తెలివైన ముక్క ఉంది. చెత్తకు బరువు ప్రకారమో సంచుల లెక్కనో డబ్బు తీసుకోవాలన్నారు. ఎంత పారేస్తే అంత కట్టాలి. చెత్తలో బరువైంది తడిసిన ఆహారమే కాబట్టి దాన్ని తీసేస్తే బిల్లు తగ్గుతుంది. ఇంకో ఫలితం, పెద్ద దుకాణాలు పారేసేముందు ఆలోచించడం మొదలుపెట్టాయి. చట్టం అమల్లోకి వచ్చిన మొదటి కొన్నేళ్లలో వెర్మాంట్ ఫుడ్‌బ్యాంక్‌కి వచ్చే ఆహారం బాగా పెరిగింది. మొత్తం చెత్త బరువులో పెద్దగా తేడా రాకపోయినా, ఆ తిండి తిన్నవాళ్లకు తేడా తెలుసు. ఇది ఏ శాతంలోనూ సరిగ్గా ఇమడదు.

కాలిఫోర్నియా: పెద్ద మాట, పెద్ద కష్టం

కాలిఫోర్నియాకు మొదట 2014 నాటి చట్టం ఒకటి ఉండేది. వ్యాపారాలకు మాత్రమే వర్తించేది. 'సైన్స్' పరిశోధన చూసింది దాన్నే. అది పెద్దగా ఫలించలేదు. ఎస్‌బీ 1383 దాని తర్వాతి అడుగు, చాలా పెద్ద అడుగు. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, బడులు, అందరికీ తడిచెత్త వేరుగా తీసే సేవ నగరాలే ఇవ్వాలి. డంపింగ్ యార్డుకి వెళ్లే జీవసంబంధ వ్యర్థాన్ని 2014తో పోలిస్తే 2025 నాటికి 75 శాతం తగ్గించాలి. పారేస్తున్నదాంట్లో తినదగ్గది 20 శాతమైనా మనుషులకు చేరాలి.

నియమాల్లో మంచి ఆలోచనలున్నాయి. ఎరువు తయారైతే కొనేదెవరు? అందుకని ప్రతి నగరమూ తన జనాభాకి తగ్గట్టు, మనిషికి ఏడాదికి 0.08 టన్ను వ్యర్థం నుంచి వచ్చే ఎరువో గ్యాసో కొనాల్సిందే అన్నారు. పార్కులకు, రోడ్డు పక్క మొక్కలకు ఆ ఎరువు పోస్తారు. నగరం తప్పు చేస్తే రాష్ట్రం రోజుకి 10,000 డాలర్ల వరకు జరిమానా వేయొచ్చు. ఇంటివాళ్ల మీద, దుకాణాల మీద నగరం వేసేది చిన్నది: మొదటిసారి 50 నుంచి 100 డాలర్లు, మూడోసారికి 250 నుంచి 500. ఇవి కూడా 2024 వరకు ఆపి, ముందు నేర్పించమన్నారు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ప్లాంట్లలో. కోట్ల మంది ఒకేసారి తడిచెత్త వేరుచేస్తే అదంతా తీసుకునేన్ని ప్లాంట్లు లేవు. కొత్తది కట్టాలంటే అనుమతులకే ఏళ్లు పడుతుంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాసన భయంతో అడ్డుపడతారు. చాలా నగరాల్లో చెత్త బిల్లు పెరిగింది. చట్టంలో మొదటి మెట్టు 2020 నాటికి సగం తగ్గించడం. తగ్గకపోగా 2020లో యార్డులకు వెళ్లిన జీవసంబంధ వ్యర్థం 2014 కంటే ఎక్కువే ఉంది. ప్రభుత్వ పనితీరును పరిశీలించే లిటిల్ హూవర్ కమిషన్ 2023లో ఈ చట్టాన్ని కొంతకాలం ఆపి సరిదిద్దమని సలహా ఇచ్చింది. ప్రభుత్వం ఆపలేదు.

ఆకుపచ్చ డబ్బాలో ప్లాస్టిక్ ఇంకో తలనొప్పి. అన్నం వేస్తూ క్యారీబ్యాగ్‌తో సహా వేసేస్తారు. కంపోస్ట్ చేయొచ్చు అని రాసి ఉండే గ్లాసులు, ప్లేట్లు కూడా అన్ని ప్లాంట్లలో కరగవు. మసీదు ఇఫ్తార్‌కో వలీమాకో అలాంటి ప్లేట్లు కొనేముందు ఊళ్లోని చెత్త కంపెనీ వాటిని తీసుకుంటుందా లేదా అడగడం మంచిది. ఎముకలు మాత్రం చాలా నగరాల్లో ఆకుపచ్చ డబ్బాలో వేయొచ్చు. పెరటి గుంటలో పనికిరాని ఎముక అక్కడెలా పనికొస్తుంది? పెద్ద ప్లాంట్ల గుట్టల్లో వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటేలా చూస్తారు. పొడవు గుట్టలైతే ఆ వేడి కనీసం 15 రోజులు ఉండాలి, ఆ మధ్యలో అయిదుసార్లు తిరగేయాలి. ఆ వేడికి రోగక్రిములు చస్తాయి. మెత్తబడని ఎముకల్ని జల్లెడ పట్టి మళ్లీ కొత్త గుట్టలో వేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో 2009 నుంచే దీన్ని తప్పనిసరి చేసింది. అక్కడి వంటిళ్ల మిగులు చుట్టుపక్కల పొలాలకు, ద్రాక్షతోటలకు ఎరువై వెళ్తోంది. రాష్ట్రం తడబడినచోట నగరం ముందే ఎందుకు కుదురుకుంది అంటే, అది పదేళ్లకు పైగా ముందే బండ్లు, ప్లాంటు సిద్ధం చేసుకుంది.

కాలిఫోర్నియా చట్టంలో బాగా నడుస్తున్నది తిండి పంచే భాగం. 10,000 చదరపు అడుగులు దాటిన కిరాణా దుకాణాలు, సూపర్‌మార్కెట్లు, టోకు వ్యాపారులు 2022 నుంచి, 250 కుర్చీలకు మించిన లేదా 5,000 చదరపు అడుగులు దాటిన రెస్టారెంట్లు, 200 గదులకు మించి ఉండి వంటశాల ఉన్న హోటళ్లు, 100 పడకలు దాటిన ఆస్పత్రులు 2024 నుంచి, తినదగ్గ మిగులును ఇచ్చేందుకు ఏదో ఒక సేవాసంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. నెలకి ఎన్ని పౌండ్లు ఇచ్చారో లెక్క రాసిపెట్టాలి. ఫ్రీమాంట్, శాన్‌హోజే వైపు ఉన్న పెద్ద ఇండియన్ స్టోర్లు, హలాల్ సూపర్‌మార్కెట్లు కూడా ఆ కొలతల్లోకి వస్తే ఈ లెక్కలోకి వస్తాయి. తీసుకునేది ఫలానా సంస్థే కావాలని లేదు. కొన్ని మసీదులు నడిపే ఫుడ్ ప్యాంట్రీలు కూడా అర్హత ఉంటే ఒప్పందం చేసుకోవచ్చు. 2023 ఒక్క ఏడాదిలోనే రాష్ట్రంలో 2 లక్షల టన్నులకు పైగా తిండి ఇలా మనుషులకు చేరింది.

ఇస్తే కేసు పడుతుందా?

అమెరికాలో దుకాణదారులు మిగిలింది పంచకుండా పారేయడానికి చెప్పే కారణం ఇదే. ఎవరైనా తిని కడుపునొప్పి అంటే కోర్టుకి లాగుతారని. నిజానికి ఆ భయానికి 1996లోనే మందు వేశారు. బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. మంచి మనసుతో, తినదగ్గదని నమ్మి సేవాసంస్థకు ఇచ్చినవాడి మీద, తీసుకుని పంచినవాళ్ల మీద దావా నిలవదు. తెలిసి పాడైంది ఇచ్చినా, ఘోరమైన నిర్లక్ష్యం చేసినా మాత్రం రక్షణ లేదు. 2023 జనవరిలో దీన్ని ఇంకాస్త విస్తరించారు. రెస్టారెంట్లు, కిరాణావాళ్లు, క్యాటరర్లు సంస్థ ద్వారా కాకుండా అవసరమున్న మనిషికి నేరుగా ఉచితంగా ఇచ్చినా రక్షణ ఉంటుంది. పైగా వ్యాపారాలకు ఆదాయపన్నులో మినహాయింపు కూడా ఉంది.

ఇరవై ఎనిమిదేళ్లకు పైగా ఉన్న చట్టం. ఇప్పటికీ తెలియనివాళ్లు ఎక్కువ.

అయితే వండిన తిండికి ఒక షరతు ఉంది, అది చట్టం కంటే పాతది. వేడి. దావత్‌లో మిగిలిన బిర్యానీ 57 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉండాలి, లేకపోతే 5 డిగ్రీలకు చల్లబడి ఫ్రిజ్‌లో ఉండాలి. మధ్యలో ఉన్నదే ప్రమాదం. రాత్రంతా హాల్లో మూత పెట్టి ఉంచిన దేగ్చీని పొద్దున్నే పంచడం పుణ్యం కాదు. ఇవ్వాలనుకుంటే దావత్ ముందురోజే సంస్థతో మాట్లాడి, వడ్డన మొదలయ్యేముందే కొంత పక్కన పెట్టించడం నయం. బల్ల మీదికి వచ్చి చేతులు తగిలింది ఎవరూ తీసుకోరు.

డేట్ చూసి పారేసే అలవాటు

చెత్తలో పడేదంతా హోటళ్లదే అనుకుంటే పొరపాటు. పెద్ద భాగం ఇళ్లదే. పాల డబ్బా మీద 'సెల్ బై' అని తేదీ దాటగానే కుమ్మరించేస్తారు. ఆ తేదీ దుకాణంవాడికి, సరుకు ఎప్పటిలోపు షెల్ఫ్ మీంచి తీయాలో చెప్పడానికి. తాగేవాడికి కాదు. అమెరికాలో పసిపిల్లల పాలపొడికి తప్ప వేరే దేనికీ దేశస్థాయి చట్టం తేదీ అడగదు. మిగతావన్నీ కంపెనీల ఇష్టం, రాష్ట్రాల ఇష్టం.

కాలిఫోర్నియా 2024లో ఏబీ 660 తెచ్చింది. 2026 జూలై 1 నుంచి తయారయ్యే సరుకు మీద కొనేవాళ్లకు కనిపించేలా 'సెల్ బై' అని రాయకూడదు. తేదీ వేయాలంటే రెండే మాటలు: రుచి, నాణ్యత గురించైతే 'బెస్ట్ ఇఫ్ యూజ్డ్ బై', ఆరోగ్యం గురించైతే 'యూజ్ బై'. మొదటిది దాటినా వాసన చూసి, రుచి చూసి వాడుకోవచ్చు. రెండోది దాటితే వద్దు. దీనికి ప్లాంట్ అక్కర్లేదు, ఇంటింటికీ తనిఖీ అక్కర్లేదు. ఖర్చు లేకుండా ఫలితమిచ్చే చట్టం ఏదైనా ఉందంటే బహుశా ఇదే. దీని గురించి వినిపించేది మాత్రం తక్కువ.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మిగతాచోట్ల

న్యూజెర్సీలో 2021 అక్టోబర్ నుంచి ఏడాదికి 52 టన్నులు దాటే పెద్ద సంస్థలకు నిబంధన ఉంది, 25 మైళ్లలో ప్లాంట్ ఉంటేనే. పైన చెప్పిన సందే ఇక్కడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 నుంచి వారానికి రెండు టన్నులు దాటే సంస్థలు తినదగ్గది పంచాలి, మిగిలింది 25 మైళ్లలో ప్లాంట్ ఉంటే పంపాలి. న్యూయార్క్ నగరానికి సొంత చట్టం ఉంది. 2024 అక్టోబర్ నుంచి అక్కడ ఇళ్లన్నీ తడిచెత్త వేరు చేయాలి. 2025 ఏప్రిల్ 1న జరిమానాలు మొదలుపెట్టారు. ఆ నెలలోనే చాలామందికి వాటిని ఆపేశారు. జనం మళ్లీ పాత అలవాటుకి వెళ్లిపోతారేమోనని అక్కడి పర్యావరణ కార్యకర్తలు గోల పెట్టారు. టెక్సాస్‌లో ఇలాంటి రాష్ట్ర నిషేధమే లేదు. డల్లాస్ వైపు ఉండే మనవాళ్లకు ఈ మూడు డబ్బాల గొడవ కొత్తగా అనిపించడానికి కారణం అదే. అదే రాష్ట్రంలో ఆస్టిన్ నగరం మాత్రం 2018 నుంచి హోటళ్లన్నీ ఆహార వ్యర్థాన్ని డంపింగ్‌కి పోకుండా చూడాలని సొంత నిబంధన పెట్టుకుంది.

మన దగ్గర

ఇదంతా చదివి, ఇండియాలో ఇలాంటివి లేవనుకుంటే అది నిజం కాదు. కాగితం మీద మన నిబంధనలు వాళ్లకంటే గట్టివి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లో రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్లు, హాస్టళ్లు, మార్కెట్లు, ఆస్పత్రులు, ప్రార్థనాస్థలాలు కూడా భారీ ఉత్పత్తిదారులే. తడిచెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి. అమెరికాలో టన్నుల్లో ఉన్న హద్దు ఇక్కడ కిలోల్లో ఉంది. ఇంకోటి చాలామందికి తెలియదు. లైసెన్స్ లేని చోట, అంటే గల్లీలో షామియానా వేసి, వంద మందికి మించి పిలిస్తే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలి, చెత్తను వేరుచేసి ఇచ్చే బాధ్యత పిలిచినవాళ్లదే. వలీమా కైనా, అఖీఖా కైనా, రాజకీయ సభ కైనా. మిగిలిన ఆహారాన్ని ఎలా సేకరించాలి, పంచాలి అన్నదానికి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు ఇచ్చింది.

మూడు రోజుల ముందు మున్సిపాలిటీకి చెప్పి దావత్ పెట్టినవాళ్లు ఎవరైనా గల్లీలో ఉన్నారా? పెట్టనందుకు అడిగినవాళ్లున్నారా? మసాచుసెట్స్‌కీ మిగతా నాలుగు రాష్ట్రాలకీ మధ్య ఉన్న తేడా ఇక్కడ వాడకట్టు స్థాయిలో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోకి తడి, పొడి వేరుచేసి ఇచ్చినా, ఆటోలో రెండూ కలిసిపోతే ఇంటామె మరుసటి రోజు వేరుచేయదు. ఆమెను తప్పు పట్టి లాభం లేదు.

పనిచేసిన చోట్లు మన దగ్గరా ఉన్నాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో కుళ్లిన కూరగాయల నుంచి గ్యాస్ తీసి కరెంట్ చేసే ప్లాంట్ ఉంది. రోజుకి దాదాపు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల కరెంట్ వస్తుందని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు. అక్కడ సరుకు ఉన్నచోటే ప్లాంట్ ఉంది. కుళ్లిన టమాటా జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ దాకా లారీలో పోనక్కర్లేదు.

2016 నిబంధనల స్థానంలో కొత్తవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. వాటి ప్రకారం చెత్త నాలుగు రకాలుగా వేరుచేయాలి: తడి, పొడి, శానిటరీ, మందులూ బల్బుల్లాంటి ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. పెళ్లి బుక్ చేసేటప్పుడు ఫంక్షన్ హాల్ మేనేజర్‌ని ఏసీ, పార్కింగ్, జనరేటర్ గురించి అడిగే కుటుంబాలు మిగిలిన తిండి, తడిచెత్త ఎక్కడికి వెళ్తుందో కూడా ఒక మాట అడగొచ్చు. పెద్ద హాళ్లలో ఒక్క రాత్రి దావత్‌కే 100 కిలోలు దాటుతుంది కాబట్టి దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకూ ఉంది.